చంద్రకళ టీచర్‌ను నేను ఓడించిన విధానం

ఒక మనిషిని ఓడించడానికి తిండీ తిప్పలూ మానేసి పనిచేసి, చివరికి ఆ మనిషినే గల్లీలో ఇంతకుముందెవరూ గెలవనంత ఘనంగా గెలిపించిన ప్రచారకర్తను మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. ఈ ఘోరం విని మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా లావణ్య ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది, దాన్నే ఏమీ చేయలేకపోయాను.

అప్పట్లో నేను అశోక్‌నగర్‌లో ఒక గర్ల్స్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. మా ఊరు జగిత్యాల దగ్గర. లావణ్య నా రూమ్మేటు, నల్గొండ వైపు పిల్ల. మా గది ఎంత విశాలమైనదంటే, ఒకరు జడ వేసుకోవాలంటే ఇంకొకరు మంచమెక్కి కూర్చోవాలి. లైబ్రరీకి వెళదామా అంటే అక్కడ కుర్చీ దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టం. అలాంటి రోజుల్లో గల్లీ చివరనున్న కాలనీ కమ్యూనిటీ హాలు మా పాలిట దేవుడైంది. కాలనీ సంఘం సెక్రటరీ యాదగిరి సార్, రిటైరైన పెద్దమనిషి, ఒకరోజు మమ్మల్ని పిలిచి, "ఖాళీగ ఉంచితే ఎలుకలు సదువుకుంటయి, గదేదో మీరే సదువుకోండి బిడ్డా" అని తాళంచెవి చేతిలో పెట్టారు. ఫ్యాన్లు, కుర్చీలు, గాలి, వెలుతురు. మా మెయిన్స్ అంతా ఆ హాలు మీదే ఆధారపడి ఉంది.

ఇంతలో కాలనీ ప్రెసిడెంటు గారు మోకాళ్ల నొప్పులతో పదవి నుంచి తప్పుకున్నారు. ఎన్నిక వచ్చిపడింది. ఒకవైపు మా యాదగిరి సార్, తాళంచెవి గుర్తు. ఇంకోవైపు చంద్రకళ టీచర్, గంట గుర్తు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ వీధిలో నడిచివస్తుంటే చొక్కా గుండీలు లేనివాళ్లు కూడా గుండీలు వెతుక్కునేవారు. సంఘం మీటింగులో హాలు ప్రస్తావన వస్తే ఆవిడ ఒకే ఒక్క మాట అన్నారు: "హాలుకు ఒక పద్ధతంటూ ఉండాలె."

అంతే. నా గుండె జారి అరికాళ్లలో పడింది.

"అయిపాయె లావణ్యా, ఆమె గెలిస్తే హాలు బంద్," అన్నాను గదికి వచ్చి.

"బంద్ చేస్తనని ఎక్కడన్నదే? పద్ధతుండాలె అన్నది."

"నీకు రాజకీయాలు తెల్వయి. పద్ధతంటే తాళమే."

నాకు మాత్రం తెలుసు. ఎందుకంటే నేను పాలిటీ చదువుతున్నాను. రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారు, ఎవరికి ఓటుంది, ఎవరికి లేదు అని నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేదాన్ని. అంత చదువున్న నేను కాలనీ ప్రెసిడెంటు ఎన్నికలో ఓటు ఎవరికుందని మాత్రం ఒక్కరినీ అడగలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

యాదగిరి సార్ దగ్గరికి వెళ్లి ప్రచార బాధ్యత నెత్తిన వేసుకున్నాను. ఆయన అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకని సామెత ఊరికే పుట్టలేదు.

"సార్, టీచర్ మీద గట్టిగ కొట్టాలె," అన్నాను.

"కొట్టుడెందుకు బిడ్డా? ఆమె మంచిదే. మా బిడ్డకు లెక్కలు చెప్పింది. నేను మంచోణ్ణని చెప్పు, సాలు."

"మంచోళ్లకు ఓట్లెవరేస్తరు సార్? అవతలోళ్లు చెడ్డోళ్లని చెప్తే ఏస్తరు."

ఆయన నా వంక జాలిగా చూసి, "జర మెల్లగ పోనియ్యి," అని మాత్రం అన్నారు. మెల్లగా పోవడం నా జాతకంలో లేదు.

ఆ రోజు నుంచి నా పార్టీ విధేయత చూసి తీరాల్సిందే. టీచర్ ఇంటి ముందు నుంచి నడవడం మానేసి నారాయణగూడ మీదుగా చుట్టు తిరిగి హాస్టల్‌కు వచ్చేదాన్ని. ఒకనాడు లావణ్య నోరు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. దాని దగ్గర నువ్వుల వాసన గుప్పుమంది.

"ఎక్కడ తిన్నవే?" అని నిలదీశాను.

"టీచర్ పిలిచి సర్వపిండి పెట్టింది. నీకు గూడ ఇచ్చింది, ఇగో."

"ప్రత్యర్థి ఇంట్ల తింటవా? పార్టీ ద్రోహం గాదా?"

"పార్టీ వేరే, సర్వపిండి వేరే," అంది లావణ్య నా వాటా కూడా విప్పుతూ. దాంతో నేను పుస్తకం అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. సర్వపిండి వాసన మాత్రం గదిలో ఉండి నన్ను ఎగతాళి చేస్తూనే ఉంది.

ఆ కోపంలోనే కూర్చుని రాశాను నా కరపత్రం. పేరు: "ఈమె గెలిస్తే ఇక అంతే సంగతులు!" ఒకసారి టీచర్ తన గేటుకు అడ్డంగా ఉన్న బైకును పక్కకు జరపమన్నారు. దాన్ని నేను "ఇళ్ల ముందు బండి పెడితే గాలి తీయించేస్తుంది" అని రాశాను. ఇంకోసారి పాటల సౌండు తగ్గించమన్నారు. అది "మేడల మీద పుట్టినరోజు కేకలు శాశ్వతంగా బంద్!" అయింది. అక్కడితో ఆగానా? రాత్రి తొమ్మిది కొట్టగానే గల్లీ గేటుకు తాళం వేస్తుందన్నాను. చాయ్ డబ్బా దగ్గర గుంపులుగా నిలబడి ముచ్చట్లు పెడితే తరిమికొడుతుందన్నాను. చెత్త బయట పడేసినవాళ్లను ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తుందన్నాను. అన్నిటికన్నా కింద, లావు అక్షరాల్లో: "కమ్యూనిటీ హాలుకు తాళం ఖాయం!" రాసేటప్పుడు నాకే భయమేసింది. అంత దుర్మార్గపు పాలనలో మనిషన్నవాడు బతకగలడా?

లావణ్య చదివి, "ఇవన్నీ ఆమె ఎప్పుడన్నదే?" అంది.

"అనకపోతే ఏమాయె? అనగలదు గదా."

జిరాక్సు తీయించి ఇంటింటికీ పంచాం. అప్పుడు చూడాలి స్పందన! మొదటి ఇంట్లో అమ్మమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "నిజంగనే తొమ్మిదింటికి గేటేస్తదా?" అని అడిగారు.

"ఏస్తది అమ్మా! కనికరమే లేదు," అన్నాను.

"ఇంకో నాలుగు కాపీలియ్యి బిడ్డా. మా లైన్లోళ్లకు ఇస్త."

ఎక్కడికి వెళ్లినా ఇదే మాట. "ఇంకో నాలుగియ్యి." ఒకాయన గేటుకే అంటించుకున్నాడు. ఇంకొకావిడ చదువుతూ చదువుతూ కళ్లు తుడుచుకుంది. ప్రజల్లో ఇంత ఆగ్రహముందా అని నా ఒళ్లు పులకరించింది. లావణ్య మాత్రం, "వీళ్లంతా ఖుషీగ కనబడుతున్నరు గదనే," అని గొణిగింది. కార్యకర్తలకు అనుమానం ఉండకూడదని దానికి క్లాసు పీకాను.

ఆదివారం ర్యాలీ పెట్టాను. మా హాస్టల్, పక్క హాస్టల్, దోమలగూడ వైపు అబ్బాయిల హాస్టళ్లు, అందరూ కదిలారు. ముందు మేము, వెనుక సైలెన్సర్లు తీసేసిన బైకులు, ఆ వెనుక ఎవడో తెచ్చిన డప్పు. "తాళంచెవికే మన ఓటు!" అని అరిస్తే చిక్కడపల్లి పావురాలన్నీ ఒక్కసారే లేచాయి. బాల్కనీల్లో ఇంటి ఓనర్లు బారులు తీరి నిలబడి మమ్మల్నే చూశారు. నేను చేతులు జోడించి అందరికీ దండాలు పెట్టాను. ఎవరూ తిరిగి పెట్టలేదు. భావోద్వేగంలో ఉన్నారనుకున్నాను.

యాదగిరి సార్ వరండాలో కూర్చుని ఉంటే ఆయన మెడలో బలవంతంగా దండ వేశాం. ఆయన గేటు ముందు మా బైకులే అడ్డంగా ఉండటంతో లోపలికి వెళ్లడానికి మేము గోడ దూకాల్సి వచ్చింది. "మంచిగుంది బిడ్డా, మంచిగుంది," అన్నారాయన, గేటు వంకే చూస్తూ.

పోలింగ్ రోజు మా సైన్యమంతా కలిసి హాలు ముందు క్యూ కట్టాం. బల్ల వెనుక ఎన్నికల అధికారిగా కూర్చున్న పెద్దాయన తలెత్తి అడిగాడు.

"ఇల్లు నంబరు?"

"హాస్టల్ సార్. మూడో అంతస్తు."

"హాస్టలోళ్లకు ఓటు లేదు బిడ్డా. ఓనర్లకే. ఇంటికొకటి."

నా వెనుక ఉన్న డప్పు ఆగిపోయింది.

"అట్లెట్ల సార్? పద్దెనిమిదేండ్లు నిండిన ప్రతి ఒక్కరికి ఓటుంటది. రాజ్యాంగంల ఉన్నది!"

"గది రాజ్యాంగంల. గిది కాలనీ సంఘంల. జర పక్కకు జరుగు, ఓటర్లు వస్తున్నరు."

వచ్చారు. చేతుల్లో నా కరపత్రం పట్టుకుని మరీ వచ్చారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను హాస్టల్లో గెలిచి గల్లీలో ఓడిపోతున్నానని అప్పుడు, అక్కడ, ఆ ఎండలో నాకు అర్థమైంది. రాత్రి తొమ్మిదికి గేటు, అడ్డం బండ్లకు గాలి, చాయ్ డబ్బా దగ్గర గుంపులు బంద్. ఇవన్నీ హాస్టలోళ్లకు నరకం. ఓనర్లకు? ఏళ్ల తరబడి మొక్కుకున్న మొక్కు!

సాయంత్రం లెక్కించారు. యాదగిరి సార్‌కు పడింది ఒకే ఒక్క ఓటు. మిగతావన్నీ గంటకే. ఏడుపు ముఖంతో సార్ దగ్గరికి వెళ్లాను.

"సారీ సార్. ఏదో మీ ఓటన్న మీకు పడ్డది."

ఆయన ఇబ్బందిగా దగ్గారు. "అది నాది గాదు బిడ్డా."

"సార్?"

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. నా కరపత్రమే. "ఏం జెయ్యమంటవ్? నువ్వు రాసింది సదివినంక మనసు ఆగలే. పొద్దుగాల పాలకు పోదమంటే బండ్లు అడ్డముండి గేటు తెరుసుకుంటలేదు బిడ్డా. నేను గూడ ఓనర్నే గదా."

సొంత అభ్యర్థి చేతనే ప్రత్యర్థికి ఓటు వేయించిన ప్రచారం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి కాళ్లు మొక్కుతాను.

మర్నాడు పొద్దున్నే టీచర్ కబురు పెట్టారు. లావణ్యను వెంటబెట్టుకుని, పాఠం అప్పజెప్పలేని పిల్లలా వెళ్లి నిలబడ్డాను. ఆవిడ చేతిలో కూడా అదే కాగితం.

"నువ్వేనా బిడ్డా రాసింది?"

"అవును మేడం. తప్పయింది."

"అక్షరదోషాలు లేవు. మంచిగున్నది," అన్నారు. "గని నేను మీటింగ్‌ల ఒక్క మాటే అన్న. నువ్వేమో నాకు మ్యానిఫెస్టో రాసిచ్చినవ్. పొద్దటి సంది అందరు ఈ కాయిదం పట్టుకొని మా ఇంటికొస్తున్నరు. గేటు ఎప్పుడేస్తవ్ టీచరమ్మా, హాలుకు తాళం ఎప్పుడేస్తవ్ అని. నేను హాలు మూస్తనని ఎన్నడన్న? పిల్లలకు టైమింగ్స్ పెడదమనుకున్న, అంతే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హాలును కాపాడటానికి బయల్దేరి హాలుకు తాళం వేయించాను. నాతోపాటు చదువుకునే అంతమంది పిల్లల కుర్చీలు నా చేతులతోనే లాగేశాను.

"ఏడ్వకు," అన్నారు టీచర్. "ఆ ఒక్క ఓటు నాదే. యాదగిరన్న హాలు తెరిచిండు, పిల్లలను కూసోబెట్టిండు. ఒక్కటన్న పడకపోతే మనసు నొచ్చుకుంటదని ఏసిన."

అది విన్నాక ఆపుకున్న ఏడుపు కూడా వచ్చేసింది. అంత మంచి మనిషి మీద ఎన్ని రాశానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. లావణ్య ఓదార్చడం పోయి బల్ల మీది సర్వపిండి వైపు చూస్తోంది.

"మరి హాలు, మేడం?"

"జనానికి మాటిచ్చినట్టే గదా, ఇయ్యకపోయినా. తాళం వేస్త. సాయంత్రం పుస్తకాలు తీసుకొని రాండ్రి."

సాయంత్రం గల్లీ అంతా హాలు ముందు చేరింది. టీచర్ పెద్ద తాళం తెచ్చారు. మమ్మల్నందరినీ లోపలికి వెళ్లమన్నారు. తరువాత తానూ లోపలికి వచ్చి, గడియ పెట్టి, లోపలి నుంచి తాళం వేసి, చెవిని కొంగున ముడేసుకుని మా మధ్యనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

బయటి నుంచి ఒకాయన, "ఇదేంది టీచరమ్మా?" అని అరిచాడు.

"తాళం వేస్తనని ఉన్నది కాయిదంల. వేసిన. ఎటు దిక్కు నుంచి వేస్తనో రాయలేదు," అన్నారావిడ కిటికీలోంచి. బయట యాదగిరి సార్ నవ్వు అందరికన్నా గట్టిగా వినిపించింది.

ఇక మా గతి ఏం చెప్పను! చాయ్‌కని గంటసేపు మాయమయ్యే వీల్లేదు. ఫోన్లు ఆవిడ బుట్టలో. కునుకు తీస్తే బల్ల మీద స్కేలు చప్పుడు. తొమ్మిదికి తాళం తీసి, తలా ఒక సర్వపిండి ముక్క పెట్టి పంపేవారు. నేనూ తిన్నాను. పార్టీ వేరు, సర్వపిండి వేరు. ఆ స్కేలు చప్పుడుకు భయపడి చదివిన చదువుతోనే నాకూ లావణ్యకూ ఉద్యోగాలొచ్చాయి. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే టీచర్ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇగ కాయిదాలు రాయకు," అన్నారు.

రాయలేదు. ఇప్పుడు విద్యానగర్‌లో నాకూ ఒక ఫ్లాటుంది. మొన్న మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు ఎన్నికలో అందరూ కలిసి నన్నే నిలబెట్టారు. ఒక సాయంత్రం కిరాయికుండే కుర్రాళ్లు ఇద్దరు తలుపు కొట్టారు. పోటీలో ఉన్నది నేనేనని పాపం వాళ్లకు తెలియదు. "అక్కా, జర చదవండి," అని ఓ కాగితం ఇచ్చారు. "ఈమె గెలిస్తే తొమ్మిదింటికి గేటు బంద్! అడ్డం బండ్లకు గాలి గోవిందా!"

నేను కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను. చదివి, గొంతు సవరించుకుని, "ఇంకో నాలుగు కాపీలియ్యి తమ్మీ," అన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, చంద్రకళ టీచర్ కొంగున ఉన్న తాళంచెవి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి మీదా చెడ్డ ప్రచారం చేయను, చేయించను. నా మీద ఎవరైనా చేస్తుంటే మాత్రం అడ్డం పడను. జిరాక్సు డబ్బులు కూడా నేనే ఇస్తాను.