పూజ చేసిన రివాల్వరు

ఎనిమిదేళ్లు ఆ రివాల్వరు నడుముకు కట్టుకొని తిరిగాను. ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

బోరు ఎండిపోయి, వేరుశనగ వరసగా రెండేళ్లు చేతికి రానప్పుడు మా ఊరి పెద్దాయన దగ్గర గన్‌మన్‌గా చేరాను. కొత్తచెరువు నుంచి కదిరి దాకా పలుకుబడి ఉన్న మనిషి. శత్రువులూ అంతమందే. తన రివాల్వరు లైసెన్సులో నా పేరు కూడా ఎక్కించాడు. నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు, తన పక్కనే కూర్చోబెట్టుకొని అన్నం పెట్టించేవాడు.

ఏటా ఆయుధపూజనాడు తూటాలు తానే నింపి, పైన పసుపు దారం చుట్టి, కుంకుమ పెట్టి నా చేతికిచ్చేవాడు. దారం తెంపితే అరిష్టమనేవాడు. మా వైపు పూజ చేసినదాన్ని ఎవడు కెలుకుతాడు? ట్రాక్టరుకు కట్టిన నిమ్మకాయనే ముట్టుకోం.

ఒకసారి కదిరి దారిలో రెండు జీపులు మా కారుకు అడ్డం వచ్చాయి. నేనే ముందు దిగి, ఆయనకు అడ్డంగా నిలబడి రివాల్వరు తీశాను. వాళ్లు తిట్టుకుంటూ వెనక్కి తిప్పుకున్నారు. ఇంటికెళ్లి నా భార్య దగ్గర ఎన్ని గొప్పలు పోయానో!

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఎప్పుడూ ఆయన బావమరిది తీసుకెళ్లేవాడు. మొన్న అతను రావడం ఆలస్యమైతే నేనే వెళ్లాను. ఆయుధాలు చూసుకునే హెడ్ కానిస్టేబుల్ దారం కోసి, తూటాలు బల్ల మీద పోసి, ఒకదాన్ని తిప్పి చూశాడు.

"ఏమప్పా, ఇవి యాడివి? ఇవి పిస్తోలు తూటాలు."

"రెండూ ముప్పై రెండు సైజే కదా సార్?"

"నంబరు ఒకటైతే సరిపోతాదా? ఎంత పొట్టిగా ఉండాదో చూడు. రివాల్వరులో సరిగా కూర్చోదు. పేలితే పేల్తాది, లేకుంటే లేదు. దీన్ని నమ్ముకొని తిరుగుతాండావా?"

జీపులకు ఎదురు నిలబడిన రోజు గుర్తొచ్చింది. అయినా పొరపాటేననుకున్నాను. ఆయనకు పిస్తోలు కూడా ఉంది, కలిసిపోయి ఉంటాయి. అంతలో బావమరిది ఆ పిస్తోలుతో పాటు ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పితే నిండా పొడుగు తూటాలు. రివాల్వరువి.

హెడ్ కానిస్టేబుల్ పెద్దాయనకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, తూటాలు మారాయేమని అడిగాడు. నేను పక్కనే ఉన్నానని మాత్రం చెప్పలేదు.

"తెలిసే ఇచ్చినాలే," అని నవ్వాడాయన. "వాని చేతిలో కనపడితే చాలు, ఎదుటోళ్లు జడుస్తారు. పొద్దస్తమానం నా వెనకాల నిలబడేటోనికి సరైన తూటాలు ఎవరిస్తారప్పా? రేపు ఎవడన్నా వాణ్ని కొనేస్తే?"

ఎనిమిదేళ్లుగా నేను శత్రువుల కోసం రోడ్డు చూస్తున్నాను. ఆయన నన్ను చూస్తున్నాడు.

నేరుగా ఆయనింటికి వెళ్లాను. భోజనానికి కూర్చుని ఉన్నాడు. రా తమ్ముడూ అంటూ పక్కన పీట చూపించాడు. నేను కూర్చోలేదు.

"అన్నా, ఒక్క మాట చెప్పు. నా మీద నీకు అనుమానం ఎప్పుడొచ్చింది?"

ఆయన కలుపుతున్న ముద్ద ఆపి, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నీ మీద అనుమానమేందిరా? మొదటి రోజు నుంచీ అవే ఇస్తాండా."