పది కుప్పల పద్ధతి

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమస్తాగా ఇరవై ఏళ్లు నిండాక, నాకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. క్యాంపస్‌లోనే సాయంత్రం క్లాసు, కొత్తవాళ్లకి. తీరా వెళ్తే అందరూ డిగ్రీ పిల్లలు. రెండు వారాలకే అది నాకు కొరకరాని కొయ్య అయింది. తార్నాకలో ఇన్ని బెండకాయలు కొనుక్కుని మెట్టుగూడ బస్సెక్కక, ఈ రంపపు కోత నాకెందుకని రోజూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఆ రోజు మాత్రం గట్టిగా అనుకున్నాను, ఇదే ఆఖరు, రేపట్నుంచి రాను.

పాఠం చెప్పే మేడమ్‌కి మా అమ్మాయి వయసుంటుంది. ఆ రోజు మూడంకెల నంబర్లు రాసిన నలభై చీటీలు టేబుల్ మీద పోసి, వరసలో పెట్టమంది. పిల్లలు రెండేసి చీటీలు పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూస్తూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. జవాబు పత్రాల్ని ఇలా సర్దితే ఫలితాలు వచ్చినట్టే!

"జరగండి" అని చీటీలు లాక్కున్నాను. చివరి అంకె చూసి పది కుప్పలు వేశాను. వాటిని ఒకచోట చేర్చి, మధ్య అంకె చూసి మళ్లీ పది. ఆ తర్వాత మొదటి అంకె. మూడు విడతల్లో అన్నీ వరసలోకి వచ్చేశాయి.

మేడమ్ గంతేసినంత పని చేసింది. "ఇది పుస్తకాల్లో ఉన్న పద్ధతండీ! దీన్నే ప్రోగ్రామ్‌గా రాయండి."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేనే రాశాను. నడిపిస్తే నంబర్లన్నీ కలగాపులగం. ఇరవై ఏళ్లలో ఒక్క పత్రం కూడా తప్పు కట్టలో పెట్టలేదు నేను. ఏడుపొచ్చింది. సంచీ సర్దుకుంటుంటే పక్కన కూర్చునే అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మళ్లొకసారి చీటీలతోని చెయ్యండి. జర మెల్లగ. నేను చూస్త."

చేశాను. మొదటి విడతలోనే ఆపేసింది.

"ఏంది ఆంటీ, ఎత్తేటప్పుడు కుప్పను తిరగేసిండ్రు కదా! గది కంప్యూటర్‌కి చెప్పిండ్రా?"

చెప్పలేదు. చీటీలు ఒకదాని మీద ఒకటి బోర్లా వేస్తూ పోతే ముందు వేసింది అడుక్కి పోతుంది. అందుకే ఎత్తేటప్పుడు తిరగేస్తాను. అలా తిరగేస్తానని నాకే తెలీదు, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి.

కుప్పని తిరగెయ్యమని ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క లైనూ కలిపాను. నలభై నంబర్లూ బుద్ధిగా నిలబడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. సిగ్గు విడిచి అందరికన్నా గట్టిగా నేనే కొట్టాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

"రేపు దీన్ని బోర్డు మీద మీరే వివరిస్తారా?" అంది మేడమ్.

"ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాను.