ఒక్క జానెడు పక్కకు

కోసిగి దేవేంద్రప్పకు ఎవరినో ఒకరిని జానెడు పక్కకు జరపందే ముద్ద దిగదు.

యుద్ధంలో వైర్‌లెస్ పనిచేసి వచ్చిన మనిషి. పంచాయతీ రేడియోకు ఆయనే పెద్ద. గంప బోర్లించి ఊరందరికీ పాఠం చెప్పేవాడు.

"మద్రాసు రేడియో కిరణం ఇట్లుంటాది. అంచు గట్టి, నడుమ డొల్ల. మనం డొల్లలో ఉండాము. అందుకే బుస్సుమంటాది."

"గంప నాదప్పా, ఇచ్చేయ్. పేడ ఎత్తల్ల" అనేది సుంకమ్మ.

"ఒక్క జానెడు పక్కకు జరుగు, ఇస్తా."

మనుషుల ఒళ్ళు కిరణాన్ని మింగుతుందట! పీటల మీది పెళ్ళిజంటను జరిపాడు. పీనుగ దగ్గర ఏడ్చేవాళ్ళను జరిపాడు. పీనుగను మాత్రం, మర్యాద కొద్దీ, వదిలిపెట్టాడు.

హులిగెమ్మ ఒక్కతే నవ్వేది కాదు. కూతురు గిడ్డమ్మ కూలికని మద్రాసు పోయి మూడేళ్ళు. మట్టి మోస్తూ పాడుతుంటే రేడియోవాళ్ళు విన్నారట. రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం, మూడు గంటలకు పాడిస్తారట. ఆ సంగతి రాసి పంపిన జాబు చదివిపెట్టింది దేవేంద్రప్పే. బిడ్డ గొంతు ఒక్కసారి వింటే చాలునని ఆమె ఆశ.

ఆ శుక్రవారం రానే వచ్చింది. రేడియో బుస్సుమంది. గాలికి పంచాయతీ మిద్దె మీద రేడియో తీగ కట్టిన వెదురు ఒరిగిపోయింది. దేవేంద్రప్ప చెప్పుల్లేకుండా మిద్దెక్కి, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వినపడుతాందా?"

"లేదప్పా!"

జానెడు జరిగాడు. "ఇప్పుడు?"

బుస్సులోంచి గిడ్డమ్మ కోతపాట లేచింది.

"కదలొద్దప్పా!" ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. లోకాన్నంతా జరిపినవాడు కాలే మిద్దె మీద రాయిలా నిలబడ్డాడు.

పాట అయ్యాక హులిగెమ్మ మజ్జిగ చెంబుతో పైకెక్కింది. పిట్టగోడ నిండా సున్నం గీతలు.

"ఇవేందప్పా?"

"ఈ వెదురును దినానికి జానెడు జరిపి చూసినాలే అక్కా."

"ఎప్పటి నుంచి?"

"నీ జాబు చదివిన మరుసటి దినం నుంచి."

"పాట నువ్వు వినలేదు కదప్పా" అని అక్కడే చతికిలబడి, కూతురి పాట అందుకుంది.

ఒక చరణం విన్నాడో లేదో, "అక్కా, ఒక్క జానెడు పక్కకు జరుగు" అన్నాడు.

"ఈడ గూడా డొల్లేనా?"

"కాదక్కా. ఎండలో కూసున్నావు. నా నీడలోకి రా."