ఎనిమిదిన్నర వాన

కామారెడ్డిలో విలేకరిగా ఉన్నన్నాళ్లూ వానాకాలంలో నా మొదటి పని తహసీల్ ఆఫీసుకు ఫోన్ చేసి వర్షపాతం రాసుకోవడం. ఉదయం ఎనిమిదిన్నరకు కొలుస్తారు. అంతకుముందు ఇరవై నాలుగు గంటల్లో పడిందంతా ఆ రోజు తేదీ కిందే రాస్తారు. సోమవారం సాయంత్రం కురిసినా రికార్డులో అది మంగళవారం వాన. ఇది ఎవరికైనా విడమరిచి చెప్పాల్సిన సంగతని నాకెప్పుడూ తోచలేదు.

నిరుడు ఎల్లారెడ్డి నుంచి ఫిజిక్స్ లెక్చరర్ ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నాగిరెడ్డిపేట దగ్గర వాగు పక్కన ఆమె తమ్ముడికి పొలం ఉంది. వాన లెక్కలను బట్టి వాగు ఎప్పుడు పొంగుతుందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి అతని ఫోన్‌లో పెట్టించిందట. అది ఏ కంపెనీదీ కాదు. లోపలి కోడ్ ఎవరైనా చదవొచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపొచ్చు. నిర్వహించేవాళ్లు ఒప్పుకుంటే ఆ దిద్దుబాటు అందరి ఫోన్లకూ చేరుతుంది.

"సార్, ఇది ప్రతిసారి ఒక్కరోజు ఆలస్యంగ చెప్తున్నది. మీ పాత డైరీలుంటే చూడొచ్చునా?"

డైరీలు ముందేసుకుని కూర్చున్నాం. ఎనిమిదిన్నర సంగతి చెప్పగానే ఆమె పెన్ను కింద పెట్టింది. మంగళవారం కింద రాసిన వాన మంగళవారమే పడిందని ఆ సాఫ్ట్‌వేర్ అనుకుంటోంది.

"గింతేనా సార్?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

దిద్దడానికి ఆమెకు ఒక ఆదివారం పట్టింది. ఎందుకు దిద్దామో వార్త రాసినట్టు నేను రాస్తే, ఆమె ఇంగ్లిష్‌లో పెట్టి పంపింది. నిర్వహించేది ఎక్కడో దూరదేశంలో ఒకే ఒక్క మనిషి. మూడు వారాలకు జవాబిచ్చాడు. బాగుంది, కానీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కొలిచే దేశాలూ ఉన్నాయి, వాళ్ల లెక్క చెడదని పరీక్షలు చేసి చూపమన్నాడు. చూపింది. ఆ తర్వాత చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఇంకో జవాబు: తల్లికి బాగాలేదు, ఇది జీతం లేకుండా తీరిక చూసుకుని చేసే పని, మన్నించమని. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా రాశాడు.

నాకు తెలిసిన దారి ఒక్కటే. నేను పనిచేసిన పత్రిక డెస్క్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, వార్త ఎవరి మీద?" అన్నాడు సబ్ ఎడిటర్.

"ఎవరి మీద కాదు."

"మరి వివరణ ఎవరిది తీసుకోవాలె?"

ఆ ప్రశ్న వాళ్లకు నేర్పింది నేనే. వార్త పడలేదు.

ఈ ఏడాది వానలు మొదలయ్యేసరికి తమ్ముడు ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ సాఫ్ట్‌వేర్ లింకు పెట్టేశాడు. ఆమె నా ముందే స్పీకర్ పెట్టి అతనికి ఫోన్ చేసింది.

"అరే, అండ్ల చూపెట్టినదాంట్ల ఒక రోజు తీసెయ్యుమని అందరికి చెప్పు."

"చెప్పినక్కా. మీ అక్క లెక్కకే మల్ల లెక్కనా అని నవ్వుతున్నరు."

"అది నా లెక్క కాదురా."

"దిద్దిన అంటివి గదా?"

"దిద్దిన. వాళ్లింక తీసుకోలే."

"గదేంది? తప్పని తెలిసి గూడ తీసుకోరా?"

 

ఆ మరుసటి సోమవారం సాయంత్రం ఎగువన వాన దంచికొట్టింది. నీళ్లు గురువారం వస్తాయంది ఫోన్. బుధవారం పొద్దున్నే వచ్చాయి. తమ్ముడు మంగళవారమే వాగులోని మోటరు గట్టుకు చేర్చుకున్నాడు. పక్క పొలం పెద్దాయన ఫోన్‌ను నమ్మాడు. ఆయన మోటరు, పైపులు కొట్టుకుపోయాయి.

రెండు రోజులకు ఆయన ఎల్లారెడ్డిలో ఆమె ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. తిడతాడనుకున్నాం. నిమ్మళంగా కూర్చుని చాయ్ తాగాడు.

"మేడం, అల్లుని మోటరు తెచ్చి దించుదామనుకుంటున్న. మల్ల నీళ్లెప్పుడొస్తయి?"

"ఫోన్ చూడకు బాపు. నాకు ఫోన్ చెయ్యి, నేను చెప్త."

"మాటిమాటికి మిమ్ములనేం సతాయించాలె? ఫోన్ల ఉన్నది గద."

ఒక రోజు తీసేసే సంగతి ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి మళ్లీ చెప్పింది. ఆయన శ్రద్ధగా తలూపాడు. గేటు దాకా వెళ్లి ఆగాడు.

"తీసెయ్యాల్నా మేడం, కలపాల్నా?"

"తీసెయ్యాలె."

ఆయన బస్టాండు వైపు వెళ్లాక ఆమె లాప్‌టాప్ తెరిచి మేం పంపిన దిద్దుబాటు పేజీ చూసింది. కొత్తగా ఏమీ లేదు. ఇంకే వాగుల పక్కన ఎవరు ఫోన్‌లో అది చూసుకుని మోటర్లు వదిలేస్తున్నారో మా ఇద్దరికీ తెలియదు. వాళ్ల నంబర్లు మా దగ్గర లేవు.