కంప్యూటర్‌కి దిష్టి తీసిన సైన్సు మాస్టారు

క్రోసూరు దగ్గర మా హైస్కూల్లో మొదటి కంప్యూటర్ ప్రదర్శన ఎలా జరిగిందని అడిగి చూడండి. ఆ రోజు అక్కడున్నవాళ్లెవరైనా సరే, చెప్పేముందు ఓసారి దగ్గుతారు. అంతటి ఘనకార్యం నాది. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను, మొహమాటపడకండి.

ఎనభైల నాటి మాట. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు మాస్టారిని. గుంటూరులో కొద్దిరోజులు శిక్షణ పొంది, ఆ యంత్రాన్ని కనిపెట్టింది నేనేనన్నంత ధీమాతో తిరిగొచ్చాను. గదిలోకి దుమ్ము రాకూడదని కిటికీల సందులన్నిటికీ కాగితాలు అంటించాను. చెప్పులు బయటే విడవాలి, చేతులు కడుక్కుని రావాలి, తుమ్మొస్తే వరండాలోకి పోయి తుమ్మాలి. పెళ్లికొడుక్కి కూడా అంత మర్యాద జరిగి ఉండదు.

అయితే ఆ యంత్రం ఇంకా మాదని ఖాయం కాలేదు. జిల్లా నుంచి అధికారిణి వచ్చి, పిల్లలు దాన్ని వాడుతుంటే చూసి తృప్తిపడితేనే మాకు ఉంచుతారు. లేకపోతే నరసరావుపేటకి తరలిస్తారు. మిరపకాయలు కోసే చేతులతో మా పిల్లలు ఆ మీటలు నొక్కి, తెర మీద తమ పేరు చూసుకున్నప్పుడు వాళ్ల ముఖాలు ఎలా వెలిగాయో నేను చూశాను. అది పోతే వాళ్లకి ఏం చెప్పాలా అని నిజంగానే దిగులు పడ్డాను.

ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే గది తెరిచి, హెడ్మాస్టరు గారి భార్య ఎంతో ప్రేమగా కుట్టిచ్చిన పూల గుడ్డని పక్కకి లాగి, మీట నొక్కాను. తెర వెలగలేదు. వైర్లు పీకి పెట్టాను. శిక్షణలో ఇచ్చిన పుస్తకం ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగేశాను. బతిమాలాను కూడా. ఉలుకూ పలుకూ లేదు.

మా హెడ్మాస్టరు దేవదానం గారు కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. కళ్లు తెరిచి చూస్తే తెర అలాగే నల్లగా ఉంది.

"మా వైపు నుంచి చెయ్యాల్సింది చేశానయ్యా," అన్నారాయన. "మీ వైపు నుంచి ఏదన్నా ఉంటే చూడు. మొన్న బెల్లంకొండ మేస్టర్లు వచ్చి చానాసేపు కళ్లార్పకుండా చూసిపోయారు."

ఆ మాట అని ఆయన గేటు దగ్గరికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. ఆ వారమే ఎనిమిదో తరగతిలో దిష్టి అనేది వట్టి మూఢనమ్మకమని బల్ల గుద్ది చెప్పినవాణ్ణి కదా, పిల్లలు చూస్తే పరువేం కాను? ఎదురుగా ఉన్న టీ బంకులో ఇనప మూకుడు నిండా నిప్పులూ, కాస్త ఉప్పూ అడిగి తెచ్చుకున్నాను. మిరపకాయలకు మాకు కరువా? గోడ అవతల కళ్లంలోనే ఎండుతున్నాయి. మనిషికైతే నాలుగు చాలు, ఇది ఖరీదైన యంత్రమని రెండు గుప్పిళ్లు తెచ్చాను. తలుపు బిగించి, తెర చుట్టూ తిప్పుతూ, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి దగ్గర మొదలుపెట్టి బెల్లంకొండ మేస్టర్ల దిష్టి దాకా వచ్చి, మొత్తం నిప్పుల్లో పోశాను.

దిష్టి తగిలి ఉంటే మిరపకాయలకి ఘాటు రాదు, తగలకపోతేనే దగ్గొస్తుంది. మా అమ్మ లెక్క అది. మరి ఆ గదిలో లేచిన ఘాటు సంగతేం చెప్పను? గాలి చొరబడే సందు ఒక్కటీ లేకుండా కాగితాలు అంటించింది నేనే. కళ్లు కనబడక తలుపు కోసం తడుముకుంటుంటే, అది బయట నుంచే తెరుచుకుంది.

"ఇదే మేడమ్, మా కంప్యూటర్ గది," దేవదానం గారి గొంతు గర్వంగా వినిపించింది. "దుమ్ము కూడా రానివ్వం."

దుమ్ము రాలేదు, పొగ వచ్చింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. దేవదానం గారు కళ్లజోడు తీసి గోడకి ఆనుకున్నారు. వరండాలో బుద్ధిగా వరుసలో నిలబడ్డ పదో తరగతి మొత్తం ఒక్కసారి దగ్గింది.

పొగ కాస్త తగ్గాక, ఇదేం పాఠమని ఆవిడ అడిగారు. అబద్ధం ఆడటానికి కూడా ఊపిరాడలేదు నాకు.

"కంప్యూటర్‌కి దిష్టి, మేడమ్."

ఆవిడ కిటికీ కాగితాలు చింపారు. యంత్రం చుట్టూ ఓసారి చూశారు. నేను పక్కకి లాగిన పూల గుడ్డ ఎత్తి, దాని కింద ముసుగుతన్ని పడుకున్న స్టెబిలైజర్ స్విచ్ ఒక వేలితో నొక్కారు. తెర వెలిగింది.

"మాది మాచర్ల మాస్టారూ, మా ఇంట్లోనూ దిష్టి తీస్తారు," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "ఇంత ఘాటొచ్చిందంటే దీనికి దిష్టి లేదు. కరెంటు లేదు."

నేల చీలితే బాగుండుననిపించింది, కానీ అది గచ్చు నేల. ఇంతలో ఆదిలక్ష్మి అనే పిల్ల ధారగా కారుతున్న కళ్లతోనే వచ్చి కూర్చుని, తన పేరు కొట్టి, తెర నిండా వరుసలు వరుసలుగా వచ్చేట్టు చేసింది. మేడమ్ ఆ పిల్లని చూశారు, నన్ను చూశారు. ఏడుస్తూ కూడా తప్పు లేకుండా చేసింది కాబట్టి యంత్రం ఇక్కడే ఉంచమన్నారు. నాకు మాత్రం మరోసారి శిక్షణ కావాలన్నారు.

ఎర్రబడ్డ కళ్లతో, వంచిన తలతో ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ యంత్రం మొరాయించినా ముందు స్విచ్ చూస్తాను, తర్వాత ప్లగ్గు చూస్తాను, దిష్టి జోలికి మాత్రం చచ్చినా పోను. పోక తప్పదనుకుంటే ఆరుబయట తీస్తాను, అదీ ఒక్క మిరపకాయతో.