మగ్గమా, సాంచెనా?

ఆ రోజుల్లో, అంటే ఉప్పల్ రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేచి, వాటి మీదికి రైలు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికి కూడా తెలియని రోజుల్లో, మా వైపు మధ్యతరగతి మనిషి కారు కొనాలంటే కారును చూసేవాడు కాదు. "జపాను బండేనా?" అని అడిగేవాడు. అవునంటే సగం బేరం అయిపోయినట్టే. బ్రేకులు ఎలా పడతాయి, గుద్దుకుంటే మనిషి మిగులుతాడా వంటి చిల్లర ప్రశ్నలతో ఎవరూ విసిగించేవాళ్లు కాదు. తాళం తిప్పగానే స్టార్టవ్వాలి, పదేళ్లు షెడ్డు మొహం చూడకూడదు, అమ్మబోతే పక్కింటాయన ఎగబడి కొనాలి. బండి ఇంకా కొనకముందే దాన్ని అమ్మే సంగతి మాట్లాడుకునే దూరదృష్టి మనవాళ్లకే ఉంది. జపాను మీద ఇంత నమ్మకం ఎలా కుదిరిందో నాకు తెలియదు, మా కాలనీలో ఆ దేశం వెళ్లొచ్చినవాడు ఒక్కడూ లేడు. చిల్కానగర్‌లో మా స్కూటరు బాగుచేసే మెకానిక్ మాత్రం ఆ బండ్ల పేరెత్తితే మొహం మాడ్చుకునేవాడు. అవి ఒక్కసారి షోరూము దాటాక మళ్లీ తన గడప తొక్కవని ఆయన ఏడుపు. అంతకు మించిన ప్రకటన ఏ కంపెనీ అయినా డబ్బిచ్చి వేయించుకోగలదా?

అంతటి మహత్తరమైన కంపెనీ కార్లు అమ్మే షోరూములో నాకు ఇరవై రెండేళ్లకే ఉద్యోగం వచ్చింది. (నాకు కారు నడపడం రాదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.) మెడకు టై, ఏసీ గది, చేతిలో ఫైలు. మేం గుంటూరు వైపు నుంచి నాచారం వచ్చి స్థిరపడ్డవాళ్లం. మా నాన్న కనిపించిన ప్రతివాళ్లకూ "మావాడు జపాను కంపెనీలో చేస్తున్నాడు" అని చెప్పుకునేవాడు. మా వీధి చివరి టీచరమ్మ అయితే వీసా ఎప్పుడొస్తుందని నన్నే ఆపి అడిగింది. నేను పొద్దున్నే వెళ్లేది ఉప్పల్ రింగు రోడ్డు పక్కనున్న అద్దాల కొట్టుకని చెప్పి ఆవిడ సంతోషాన్ని పాడుచేయడం ఇష్టం లేక, పనిలో ఉందండి అన్నాను.

మా మేనేజరుకు మేము పెట్టుకున్న పేరు కైజెన్ సార్. లాలాపేట్‌లో పుట్టి, లాలాపేట్‌లో పెరిగి, దూరప్రయాణమంటే ఒక్కసారి తిరుపతి వెళ్లొచ్చిన ఆయనకు జపాను గురించి తెలియనిది లేదు. కైజెన్ అంటే రోజూ కొంచెం కొంచెంగా మెరుగుపడటమట. ఆ మాట ఆయన నోటి వెంట గంటకు నాలుగుసార్లు వచ్చేది. టీ చల్లారినా కైజెనే, ఏసీ మొరాయించినా కైజెనే. మా జీతాలు మాత్రం అలా కొంచెం కొంచెంగా మెరుగుపడే అవకాశం ఆ సిద్ధాంతంలో ఉన్నట్టు లేదు.

చేరిన కొత్తలో ఆయన మాకు కారు గురించి ఒక పూట, కంపెనీ చరిత్ర గురించి వారం రోజులు పాఠం చెప్పాడు. ఆ చరిత్ర ఇదీ. జపానులో ఒక పల్లెటూళ్లో వడ్రంగి కొడుకు ఒకడు. బట్ట నేయడానికి వాళ్లమ్మ పడే అవస్థ చూడలేక ఆమె పని తేలికయ్యేలా ఒక మగ్గం చేశాడు. దాన్నే బాగుచేసి బాగుచేసి, చివరికి దారం తెగితే తనంతట తానే ఆగిపోయే యంత్రం దాకా వెళ్లాడు. ఆయన కొడుకు వచ్చి కార్లు మొదలుపెట్టాడు. అంత శ్రద్ధగా నేత యంత్రం చేసినవాళ్లు కారును ఇంకెంత శ్రద్ధగా చేస్తారో ఊహించుకోమని ముక్తాయింపు. "గిది హిస్టరీ గాదు తమ్మీ, ఎమోషన్. కస్టమర్‌కు ముందు గిది ఎక్కియ్యాలె, ఎన్క ఫైలు తియ్యాలె" అనేవాడు కైజెన్ సార్. ఆయన ఇచ్చిన రెండో మంత్రం, కస్టమరు ఏదడిగినా లేదు అనకూడదని. వీటితో పాటు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కూడా ఇచ్చారు. దాన్ని నేను మొదటి పేజీలోని బొమ్మ వరకు క్షుణ్ణంగా చదివాను.

మూడు నెలల్లో ఒక్క బండైనా బుక్ చేయించకపోతే ఇంటికి పంపేస్తామన్నది షోరూము నియమం. రెండు నెలల మూడు వారాలు గడిచాయి. అప్పటిదాకా నేను అమ్మగలిగింది ఒక కీచెయిను. ఉద్యోగం పోతే నాచారంలో ఏ మొహం పెట్టుకుని తిరగాలో, జపాను నుంచి ఇంత త్వరగా ఎలా తిరిగొచ్చానని టీచరమ్మకు చెప్పాలో తెలియక నాకు అన్నం సహించడం మానేసింది.

అలాంటి ఒక శనివారం పొద్దున పీర్జాదిగూడ నుంచి ఒక మాస్టారు వచ్చాడు. సర్కారు బడిలో ఉద్యోగం, సొంతిల్లు. ఏ మోడలు, ఏ రంగు అన్నది చీటీ మీద ముందే రాసుకొచ్చాడు. ఇలాంటి కస్టమరు దొరకడం పూర్వజన్మ సుకృతం. వెంట వాళ్ల నాన్న ఉన్నాడు. పోచంపల్లి దగ్గరి పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దాయన, తెల్ల ధోవతి, భుజాన కండువా. మాస్టారు నన్ను పక్కకు పిలిచి, తనకంతా నచ్చిందని, నాయిన ఒక్క ఊ కొడితే ఇప్పుడే బుక్ చేస్తానని చెప్పాడు. ఇరవై ఏళ్లుగా తను చేసిన ఏ పనికీ ఆయన ఊ కొట్టలేదని కూడా అన్నాడు గానీ, ఆ ముక్క నా చెవికెక్కలేదు. అప్పటికే నా కళ్ల ముందు నా పేరుతో అపాయింట్‌మెంటు కాగితం తిరుగుతోంది.

పెద్దాయన కారు చుట్టూ తిరగలేదు, డిక్కీ తెరిపించలేదు. తలుపు తీయించి సీటు గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నాయిన నేత మనిషని, నలభై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టినవాడని మాస్టారు చెప్పాడు. అది విన్నాక నా ఆనందం పట్టలేకపోయాను. చూశారా, వారం రోజుల చరిత్ర పాఠం ఈ ఒక్క మనిషి కోసమే పుట్టింది! టీ తెప్పించి, టై సర్దుకుని, వడ్రంగి కొడుకుతో మొదలుపెట్టాను. అమ్మ అవస్థ దగ్గర గొంతు కొంచెం వణికించాను కూడా. అద్దం అవతలి నుంచి కైజెన్ సార్ తల ఊపుతున్నాడు. పెద్దాయన టీ తాగడం ఆపి నా వంక చూశాడు.

"మగ్గమా, సాంచెనా?" అని అడిగాడు.

సాంచె అన్న మాట నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. మా ఇంట్లో ఎవరూ అనలేదు, బి.కాం.లో రాలేదు. కానీ కస్టమరు ఏదడిగినా లేదు అనకూడదు కదా. నా బుర్ర చకచకా పనిచేసింది. మన కార్లలో తక్కువ మోడలు, ఎక్కువ మోడలు ఉన్నట్టే, మగ్గమంటే మామూలు రకం, సాంచె అంటే ఏసీ, పవర్ విండోలు ఉన్న రకం అయ్యుంటుంది. ఇంత పెద్ద కంపెనీ మామూలు రకం చేసిందంటే పరువేముంటుంది?

"సాంచెలే తాతగారూ. ఒకటీ రెండూ కాదు, వేలు. ఇవాళ మన దగ్గర తిరిగే ప్రతి సాంచెకూ మూలం మా కంపెనీయే" అన్నాను, ఛాతీ విరుచుకుని.

పెద్దాయన టీ గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టాడు. "గట్లనా బిడ్డా. అయితే నా మగ్గం బంజేసింది మీరే అన్నట్టు" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కొడుకు వైపు తిరిగి నడువమని చెప్పి, కండువా సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. మాస్టారు చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఆయన వెనకే వెళ్లాడు.

సాంచె అంటే కరెంటుతో నడిచే మరమగ్గమని కైజెన్ సార్ నాకు చెప్పింది అప్పుడు. ఆ పెద్దాయన నెలంతా కూర్చుని దారాలకు ముడులు కట్టి, రంగులద్ది నేసే చీరను, సాంచెల మీద పూటకు నాలుగు దింపి, అచ్చం అలాగే ఉందని సగం ధరకు అమ్మేస్తారట. అంటే నేను ఆయన ఎదుట కూర్చుని, మీ పొట్ట కొట్టింది మేమేనండీ, ఒకసారి కాదు వేలసార్లు కొట్టాం అని టై కట్టుకుని, టీ పోయించి మరీ చెప్పానన్నమాట. కైజెన్ సార్ ఆ ఒక్కరోజు కైజెన్ అనలేదు. "సోమారం దాక టైమిస్తున్న. ఆళ్లను మళ్ల తోల్కరా. లేకుంటే నువ్వు గూడ రాకు" అన్నాడు.

ఆ సాయంత్రం పుస్తకంలో బొమ్మ దాటి రెండో పేజీకి వెళ్లాను. అక్కడ స్పష్టంగా రాసుంది, ఆ వడ్రంగి కొడుకు మొదట చేసింది కరెంటుది కాదు, చెక్కతో చేసిన చేతి మగ్గమేనని. మూడు నెలలు నా సంచిలో మోసిన పుస్తకంలో రెండో పేజీలో ఉన్న సంగతి.

ఆదివారం పొద్దున టై కట్టుకుని, పుస్తకం పట్టుకుని పీర్జాదిగూడ బస్సెక్కాను. దారి పొడుగునా తాతగారి కాళ్ల మీద పడాలా, పుస్తకం ముందు పెట్టాలా అని ఆలోచించాను. తీరా వెళ్తే ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తిడతాడనుకుంటే మంచినీళ్లు తెమ్మని లోపలికి కేకేశాడు. నేను తప్పు ఒప్పుకున్నాను. సాంచె అంటే ఏమిటో తెలియక నోటికొచ్చింది వాగానని చెప్పి, మొదటిది చేతి మగ్గమేనని పుస్తకం తీసి చూపించాను. ఆయన మొదటి పేజీలోని మగ్గం బొమ్మ వంక చాలాసేపు చూశాడు. ఎదరున్న పలకను వేలితో తడిమి, ఇది మన దాని లెక్కనే ఉందన్నాడు. వాళ్లమ్మ దాని మీద నేసిందా అని అడిగాడు. పుస్తకంలో రాయలేదని చెప్పాను. కస్టమరుతో నేను లేదు అనడం అదే మొదటిసారి.

"మరి ఆయన కొడుకు మగ్గం మీద గూసోలేదా?" అన్నాడు.

"లేదండి. ఆయన కార్లు మొదలుపెట్టాడు."

 పెద్దాయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు. లోపలున్న మాస్టారు వినేలా గొంతు పెంచి, "ఇన్నవార, జపాన్ల గూడ కొడుకు మగ్గమెక్కలేదంట" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా, "మా ఒక్క ఇంట్లనే పోగు తెగిందనుకున్న బిడ్డా, ఇన్నొద్దులు" అన్నాడు. ఇరవై ఏళ్ల కింద మగ్గం వద్దని కొడుకు టీచరు ట్రైనింగుకు వెళ్లాడట. అప్పట్నుంచి ఆయన కొడుకు ఉద్యోగానికీ ఊ కొట్టలేదు, ఇల్లు కట్టుకున్నా కొట్టలేదు. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను. పెద్దాయన అతని వైపు చూడకుండానే ఊ అన్నాడు. ఏ రంగు తీసుకుంటావో తీసుకో అని కూడా అన్నాడు.

నేను ఎగిరి గంతేయాల్సిన క్షణం అది. కానీ ఆయన ఆగలేదు. మీ నాయిన ఏం జేస్తడని అడిగాడు. నాచారంలో కిరాణా కొట్టని చెప్పాను. (చూశారా, ఆ సంగతి ఇంతసేపూ మీక్కూడా చెప్పలేదు. ఆ రోజుల్లో నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. డిగ్రీ అయ్యాక నాన్న కొట్లో కూర్చోమంటే, బి.కాం. చదివిన మెదడు చింతపండు తూచడానికి పనికిరాదని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.) మరి నువ్వు ఆడ గూసోవా అన్నాడు పెద్దాయన. నేను పుస్తకం సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాను.

"ఒక్క పూట పోయి గూసో బిడ్డా. నడ్పకున్నా మంచిదే" అన్నాడు.

ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్లాను. నాన్న ఎందుకొచ్చావని అడగలేదు, గల్లా ముందు కుర్చీ ఖాళీ చేసి పక్కన బస్తా మీద కూర్చున్నాడు. మొదట ఒకావిడ వచ్చి చింతపండు అడిగింది. నేను అలవాటు కొద్దీ ఆ చింతపండు ఏ ఊరి తోటలోది, ఆ చెట్లు ఎవరి తాత నాటాడు అని మొదలుపెట్టాను. (అందులో ఒక్క ముక్కా నిజం కాదు.) ఆవిడ పాపం కాసేపు విని, పక్క కొట్టుకు వెళ్లిపోయింది. తర్వాత వచ్చినాయనకు కందిపప్పుకు బదులు శనగపప్పు కట్టి, రెండూ ఒకే కుటుంబానివేనని నచ్చజెప్పబోయాను. గంట గడిచేసరికి మా నాన్న ముప్పై ఏళ్ల వ్యాపారం నా చేతిలో గడగడలాడింది.

"నువ్వు కంపెనీకే వెళ్లరా. ఇది నేను చూసుకుంటాలే" అన్నాడు నాన్న. అంటూనే ఆయన నవ్విన నవ్వు, అంతకు ముందు నేను మొదటి జీతం తెచ్చిచ్చినప్పుడు కూడా చూడలేదు.

సోమవారం మాస్టారు బండి బుక్ చేశాడు. కైజెన్ సార్ అదంతా కైజెన్ మహిమే అన్నాడు, నేను కాదనలేదు. నాకు ఉద్యోగం ఖాయమైంది, ఇవాళ్టికీ కార్లే అమ్ముతున్నాను, కొత్తగా చేరినవాళ్లకు చరిత్ర పాఠం నేనే చెబుతున్నాను, రెండో పేజీతో సహా. నాన్న పోయి నాలుగేళ్లయింది. కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఎప్పుడైనా అటు వెళ్తే, టై కట్టుకుని గల్లా ముందు కూర్చుని చింతపండుకు చరిత్ర అల్లుతున్న ఆ తెలివైన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వెళ్లమనగానే లేచి వెళ్లిపోయాడు వెధవ, ఇంకో గంట కూర్చోవలసింది.