చూసి రాసినావా?

మార్కాపురం డిగ్రీ కాలేజీలో మాకు జీవశాస్త్రం చెప్పిన మేడంది పెద్దారవీడు. మేము ఏ జవాబు చెప్పినా ఆమె ఒకటే అడిగేది: "చూసి చెప్పినావా, అనుకోని చెప్పినావా?"

ఆమె పీహెచ్‌డీ ఈస్టు మీద. దెబ్బతిన్న డీఎన్‌ఏను తప్పులతోనైనా సరే అతికేసే ప్రోటీన్ ఒకటి ఈస్టు కణంలో ఉంటుంది. పని కాగానే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఆ ముక్కలు చేయడం మందగిస్తే డీఎన్‌ఏలో మార్పులు, అంటే ఉత్పరివర్తనాలు, పెరుగుతాయా అన్నది ఆమె ప్రశ్న. కాలేజీ ల్యాబులో ఆమె మామూలు ఈస్టునూ, ఆ పని మందగించిన ఈస్టునూ వేర్వేరు డిష్షుల్లో పెంచేది. వాటిలో ఉత్పరివర్తనం జరిగిన కణాలే బతికే మందు కలిపి ఉంటుంది; చుక్కల్లా మొలిచిన ఈస్టు గుంపులను మేడమూ నేనూ లెక్కపెట్టేవాళ్లం.

ఆ వేసవిలో ఆమె ఆశించినట్టే మందగించిన ఈస్టు డిష్షుల నిండా చుక్కలు వచ్చాయి. మర్నాడు గైడుకు చూపించాలి. గడువుకు అదే ఆఖరి రోజు. ఆమె బస్సుకు బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆపాను.

"మేడం, కొన్ని డిష్షుల మూతల మీద ఈస్టు రకాల పేర్లు చెమ్మకు చెరిగిపోతే నేను మళ్లా రాసినా."

"చూసి రాసినావా?"

"అనుకోని రాసినా."

ఆమె తిట్టలేదు. సంచి దించి గైడుకు ఫోన్ చేసింది. "ఈ లెక్క నమ్మేదానికి లేదు సార్. మళ్లా చేస్తా." ఆయన అరుపులు నాకూ వినిపించాయి. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని అన్నీ విన్నది.

పట్టా ఏడాది వెనక్కి పోయింది. మళ్లీ చేసినప్పుడు తేడా వచ్చింది కానీ మొదటిదాంట్లో సగమే. ఆమె థీసిస్‌లో ఆ సగమే రాసింది.

ఆ రెండోసారి కూడా, డిష్షుల మీద పేర్లు రాయమని మార్కర్ నా చేతికే ఇచ్చింది.